చివరి పుట దాకా

పొయ్యిలో పడేసిన పుస్తకం కాలలేదు. అంచులు కమిలాయి, అట్ట చేపకొవ్వు పీల్చుకుని ఉబ్బింది, అంతే. పొయ్యి వార తోడిపోసిన బూడిదలో బోర్లా పడి, జిగురు మాడిన కంపు కొడుతూ అలాగే ఉంది.

అరబా వాకిట్లోకి వచ్చి పావుగంట అయింది. అక్రా నుంచి ట్రోట్రో బండిలో నలుగురి మోకాళ్ళ మధ్య నలిగి వచ్చిన మనిషి. కూర్చోమన్నవాళ్ళు లేరు. నీళ్ళిచ్చినవాళ్ళు లేరు.

ఆ ఇంట్లో నీళ్ళివ్వకపోవడమంటే మాటలు కాదు. తగువుకు వచ్చినవాడికైనా ముందు బల్ల వేసి, చెంబుడు నీళ్ళిచ్చి, వాడు తాగి మూతి తుడుచుకున్నాక "ఏ పని మీద వచ్చావు నాయనా?" అని అడిగి, ఆ తర్వాతే తిట్లు మొదలుపెట్టే ఇల్లది. అపామ్ రేవులో ఎసాబా ఇంటి నీళ్ళు తాగని మనిషంటూ లేడు.

ఎసాబా ఎత్తుపీట మీద వీపు ఇటు తిప్పి కూర్చుంది. చేపలు పొగబెట్టే తీగజల్లెడ ఒళ్ళో పెట్టుకుని, మాడిన పెచ్చులు కత్తితో గీకుతోంది. గర్రు, గర్రు. అదొక్కటే చప్పుడు.

"పెద్దమ్మా" అంది అరబా.

గర్రు.

"పెద్దమ్మా, వచ్చాను."

గర్రు, గర్రు.

"ఆవిడ వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు" అంటూ మాన్సా వంటింట్లోంచి వచ్చింది. ఎసాబా కూతురు, బళ్ళో పంతులమ్మ, అరబా కంటే మూడేళ్ళు పెద్ద. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఉంది. "నాతో మాట్లాడు. నాకు నోరుంది. పుస్తకం చదివిన నోరే ఇది, ఇంకా చేదు పోలేదు."

"అక్కా, నాకు నిజంగా తెలియదు."

"ఏది తెలియదు? నీ చేత్తో నువ్వు రాసింది నీకే తెలియదా?" మాన్సా రవికలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. 'రేపటి తీరం' పత్రికలోంచి కత్తిరించిన ముక్క. దయ్యాల కథలు, చుక్కల్లో ఊళ్ళ కథలు, ఇంకా పుట్టని కాలం కథలు వేసే ఆ పత్రికకు అరబాయే సంపాదకురాలు. కథలన్నీ అయ్యాక చివర్లో ఒక పుట తన కోసం ఉంచుకుంటుంది. దాని పేరు 'నా గంపలోవి'. ఆ నెల తనకు నచ్చిన పుస్తకమో, సినిమానో, రేడియో నాటకమో గంపలోంచి తీసి చూపిస్తున్నట్టు రాస్తుంది. గంప పేరు పెద్దమ్మ గంపను చూసి పెట్టిందే.

"చదవనా?" అంది మాన్సా.

"వద్దక్కా."

"వింటావు. 'ఈ నెల నా గంపలో ఒక్కటే చేప. కానీ ఎంత చేప! పేరు మంగళవారం పడవ. చివరి పుట దాకా కింద పెట్టలేకపోయాను. నా గదిలో సముద్రం వాసన వేసింది. చదువు రాని అమ్మ ఉందా మీకు? ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించండి. నా మాట.'" మాన్సా కాగితం దించింది. "చదువు రాని అమ్మ ఉంది నాకు. పక్కన కూర్చున్నాను. వినిపించాను. ఇంకేమైనా చెయ్యమంటావా?"

'ఎంత చేప!' రాసినప్పుడు అరబాకు ఎంత ముద్దొచ్చిందో ఆ మాట! ఇప్పుడు అక్క నోట్లోంచి వస్తుంటే రెండు రోజులు ఎండలో మరిచిపోయిన చేప లాగే ఉంది.

మంగళవారం ఆ ఊళ్ళో పడవ సముద్రంలోకి దిగదు. అది సముద్రం విశ్రాంతి రోజు. మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటారు. ఎసాబా వాకిట్లో ఏడుగురు ఆడవాళ్ళు, పొగపొయ్యిల వాళ్ళే అంతా, మొక్కజొన్న పిండి కెంకే పొట్లాలు విప్పుకుని కూర్చుంటారు. మాన్సా చదువుతుంది. ఏం చదవాలో అరబా గంప చెబుతుంది. ఎన్నేళ్ళుగానో అదే వాడుక.

ఎంత సందడిగా ఉండేదో ఆ వాకిలి! చంద్రుడి మీద చేపలు పొగబెట్టే ఆడవాళ్ళ రేడియో నాటకం గురించి అరబా రాస్తే, మాన్సా ఫోనులో పెట్టి వినిపించింది. "చంద్రుడి మీద కట్టెలెక్కడివే?" అని ఒకావిడ, "కట్టెల సంగతి తర్వాత, కొనేవాళ్ళెవరే అక్కడ?" అని ఇంకొకావిడ, నవ్వలేక ఎసాబా కళ్ళు తుడుచుకుంది. ట్రోట్రోకి రెక్కలు మొలిచే బొమ్మల పుస్తకం వచ్చినప్పుడు, రెక్కలు మొలిచినా డ్రైవరు తిట్లు మాత్రం మారలేదని మెచ్చుకున్నారు. అరబా బాగుందంటే బాగుంటుంది. అంతే. రెండో మాట లేదు.

పోయిన మంగళవారం పంతొమ్మిదో అధ్యాయం వచ్చింది.

అందులో ఒక తల్లి ఉంది. రేవులో చేపలు పొగబెట్టుకునే తల్లి. ఆమె కొడుకు పడవ మీద 'అమ్మ లేపితేనే' అని రాసి ఉంది. ఆ తల్లి తన గంప నిండాలని, సముద్రానికి మాట ఇచ్చి, దిగకూడని మంగళవారం నాడు కొడుకును లేపి పంపుతుంది. కొడుకు తిరిగి రాడు. గంప నిండుతుంది.

ఎసాబా కొడుకు ఫీఫీ సముద్రంలో పోయి పదకొండేళ్ళు. వాడికి మొద్దునిద్ర. రోజూ తెల్లవారకముందే తల్లి లేపితే గాని లేచేవాడు కాదు. అందుకే నవ్వుతూ తన పడవకు ఆ పేరు పెట్టుకున్నాడు. 'అమ్మ లేపితేనే.' ఆ కోస్తా మొత్తం మీద ఆ పేరున్న పడవ అదొక్కటే.

తల్లి సముద్రానికి మాట ఇచ్చే చోటుకు రాగానే, వింటున్న ఏడుగురూ కెంకే సగంలో వదిలేసి లేచారు. ఒకావిడ మాత్రం వాకిలి దాటబోతూ, ఎంతో నెమ్మదిగా అడిగింది. "ఎసాబా, ఫీఫీ పోయింది ఏ వారమే?"

"బుధవారం" అంది ఎసాబా. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు. పుస్తకం తీసి పొయ్యిలో వేసింది.

"ఆ రోజు నుంచి ఈ గుమ్మం తొక్కినవాళ్ళు లేరు" అంది మాన్సా. "ఎదురింటావిడ అమ్మ పక్కనుంచి నడవాల్సొస్తే పిల్లను కొంగు చాటుకు లాక్కుంది. నా కళ్ళతో చూశాను. నలభయ్యేళ్ళు ఒక పొయ్యి నిప్పు పంచుకున్న మనుషులు!"

"అది కథే కదక్కా. కల్పన. అది రాసిన సెనామ్ ఎవరినీ మనసులో పెట్టుకుని..."

"కల్పన!" మాన్సా పక్కకు తిరిగి ఉమ్మేసింది. "మీ పట్నంలో దాన్ని కల్పన అంటారా? మా రేవులో తల్లి కొడుకును అమ్ముకుందంటే దాన్ని ఏమంటారో తెలుసా? ఆ మాట పడ్డ ముసలమ్మల్ని ఊళ్ళు ఏం చేశాయో నీ పత్రికలో ఎప్పుడైనా రాశావా?"

"వచ్చే నెల రాస్తాను. పొరపాటైందని ఒక ముక్క వేస్తాను."

"ఎవరు చదువుతారు? ఎదురింటావిడా?"

గర్రుమనే చప్పుడు ఆగింది.

"చదివావా?" అంది ఎసాబా. వీపు అలాగే ఉంది. వారం రోజుల తర్వాత వచ్చిన గొంతు, తుప్పు పట్టినట్టు ఉంది. "ఆ పుస్తకం నువ్వు చదివావా అరబా?"

అరబా బూడిదలో పుస్తకం వైపు చూసింది.

సంగతేమిటంటే, నెలకు నాలుగు వందల కథలు వచ్చి పడతాయి ఆమె బల్ల మీద. మొదటి మూడు పుటలు చదువుతుంది. అచ్చు వేయదగ్గదో కాదో అక్కడే తెలిసిపోతుంది. పదిహేనేళ్ళలో ఆ చూపు తప్పలేదని ఆమెకు గర్వం కూడా. కథలకు అలవాటైన చూపు పుస్తకాలకూ పాకింది. సెనామ్ స్నేహితురాలు. మొదటి మూడు అధ్యాయాలు నిజంగానే బాగున్నాయి. సముద్రం వాసన వేసింది కూడా. గంప నింపాల్సిన రోజు దగ్గర పడింది. 'చివరి పుట దాకా' అన్న మాట దానంతటదే కలంలోంచి జారింది.

"మూడు అధ్యాయాలు పెద్దమ్మా" అంది.

"ఎన్ని ఉన్నాయి?"

"ఇరవై రెండు."

ఎసాబా ఇప్పుడు ఇటు తిరిగింది. మొహంలో కోపం లేదు. కుళ్ళిన చేప చేతికి తగిలితే చూసే చూపు అది. "నేను పొగబెట్టే ప్రతి చేపనీ తిప్పుతాను. పై వరస కాల్చి, కింద పచ్చిది పెట్టి అమ్మలేదు ఏనాడూ. మీ అమ్మ పోయాక నిన్ను ఆ చేపలతోనే పెంచాను. నా గంప పేరు పెట్టుకున్నావు, అది చాలదూ? నా చేతులు ఎందుకు పెట్టుకోలేకపోయావు?"

మూల నుంచి చిన్న దగ్గు వినిపించింది. అరబా తండ్రి ఎగ్యా బాన్‌ఫుల్ అక్కడే ఉన్నాడు. భార్య పోయిన దగ్గర నుంచీ వదినగారి ఇంట్లోనే పెరటి గది ఆయనది. డెబ్బై ఆరేళ్ళు. ఒకప్పుడు ఊళ్ళో వీడియో సినిమాలు ఆడే పాకలన్నిటికీ బొమ్మలు గీసింది ఆయనే. రెండు పిండి బస్తాలు కలిపి కుట్టి, వాటి మీద రంగులతో. సినిమా చూసి గీసేవాడు కాదు. పాక యజమాని పేరు చెబితే చాలు, మిగతాది ఆయన బుర్రలోంచే. ఒకసారి ఒక ఏడుపు సినిమాకి ఆడదాని నోట్లోంచి పాము వస్తున్నట్టు గీశాడు. జనం విరగబడి వచ్చారు. సినిమాలో పాము లేదు. పాక పీకి పందిరేశారు. అప్పటి నుంచి ఆయన వీధిలో కనబడితే చాలు, "పాము ఎక్కడ తాతా?" అని అరుస్తారు.

పదహారేళ్ళప్పుడు అరబాకు ఆ అరుపులు వింటే చచ్చేంత సిగ్గు. "చూడనిదాన్ని ఎలా గీస్తావు నాన్నా? అసహ్యం వెయ్యదూ?" అని మొహం మీదే అడిగింది. ఆయన నవ్వి, కుంచె కడుక్కున్నాడు. పెద్దదై సంపాదకురాలయ్యాక అవే బస్తా బొమ్మలను మెచ్చుకుంటూ గంపలో రెండు పుటలు రాసింది. అది వేరే సంగతి.

ఇప్పుడు అరబా ఆయన వైపు చూసింది. ఈ ఒక్కరైనా తన పక్షం అంటాడేమో అని.

ఎగ్యా బాన్‌ఫుల్ చాలాసేపు తన గోళ్ళలో దశాబ్దాల కిందటి రంగు చూసుకున్నాడు.

"నేను గీసిన పాములు బస్తా మీదే ఉన్నాయి తల్లీ" అన్నాడు. "ఎవరి ఇంట్లోకీ పాకలేదు."

పొయ్యిలో ఎక్కడో ఒక కట్టె చిటుక్కుమంది.

ఎసాబా లేచింది. మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి అరబా చేతిలో పెట్టింది. అరబా కళ్ళు చెమ్మగిల్లాయి. గబగబా తాగింది.

ఆమె తాగేదాకా ఆగి, ఎసాబా కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళను అడిగే మర్యాదతో అడిగింది. "ఏ పని మీద వచ్చారమ్మా మా ఇంటికి?"

చెంబు అరబా చేతిలోనే ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

"పెద్దమ్మా, నన్నలా అడక్కు."

"మరెలా అడగను?"

"చెప్పు, ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఆ ఏడుగురినీ పిలిపించు. అందరి ముందూ చెబుతాను, ఆ పుస్తకం అబద్ధమని."

"అబద్ధమని నీకెలా తెలుసు?" అంది ఎసాబా. "నువ్వు చదవలేదుగా. చదవకుండా మెచ్చుకున్నావు. చదవకుండానే తిడతావా?" కూతురి వైపు తిరిగింది. "మాన్సా, వెళ్ళి పిలుచుకురా వాళ్ళను. ఏడుగురినీ. రానంటే, అరబా వచ్చిందని చెప్పు, వస్తారు. ఈలోగా ఇది చదువుతుంది. నేను వింటాను. నేను ఆపేసిన చోటి నుంచి ఆఖరి దాకా. ఏం రాసిందో అంతా తెలిశాక, అప్పుడు చెబుతుంది అబద్ధమో కాదో."

"అమ్మా, మళ్ళీ ఎందుకే ఆ పెంట?"

"వెళ్ళమన్నానా?"

మాన్సా చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళింది.

అరబా బూడిదలోంచి పుస్తకం తీసింది. వేళ్ళకు జిడ్డు అంటుకుంది. కొవ్వు, మసి, జిగురు. వాంతి వచ్చేలా ఉంది ఆ వాసన. ఇదే పుస్తకానికి సముద్రం వాసన అని రాసింది తను. పంతొమ్మిదో అధ్యాయంలో, మాన్సా ఆగిన చోటు తీసింది. ఎగ్యా బాన్‌ఫుల్ పీట జరుపుకుని పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. పడవల మీద, సినిమా బొమ్మల మీద ఎన్ని వేల అక్షరాలు గీశాడో, అన్నీ ఎవరో రాసిచ్చిన గీతలు చూసి గీసినవే. ఆయనకు చూడగానే తెలిసే మాట ఒక్కటే, బడికి పంపేటప్పుడు కూతురి రేకుపెట్టె మూత మీద ఎర్రరంగుతో గీసిన కూతురి పేరు.

"చదువు" అంది ఎసాబా. కత్తి, జల్లెడ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

అరబా చదివింది.

"'తల్లి వాడి దుప్పటి లాగింది. లే, అంది. ఇవాళ మంగళవారం కదమ్మా, అన్నాడు వాడు. మంగళవారం నీకు, సముద్రానికి ఆకలి, అంది తల్లి.'"

గర్రు, గర్రు.

"'తల పగిలిపోతోందమ్మా, ఈ ఒక్కరోజు పడుకోనీ, అన్నాడు వాడు. తల్లి తన తలగుడ్డ విప్పి...'"

అరబా గొంతు ఆగింది.

గర్రుమనే చప్పుడూ ఆగింది.

"చదువు."

"'...తలగుడ్డ విప్పి వాడి నుదుటికి బిగించి కట్టింది. పడవలో తగ్గిపోతుందిలే, అంది.'"

వాకిట్లో కోడి ఒకటి బూడిద గీరుతోంది. ఎవరూ దాన్ని అదిలించలేదు.

"ఏ రంగు గుడ్డ అని రాసింది?" అంది ఎసాబా.

"పెద్దమ్మా..."

"రంగు అడిగాను."

"పసుపు."

ఎసాబా కత్తి జల్లెడ మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫీఫీ పోయిన నలభయ్యో రోజున, చావుకు వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఇదే పొయ్యి పక్కన ఆ మాట ఒక్కసారి చెప్పింది. ఒక్క మనిషికి. ఆ రోజు వాడు తలనొప్పి అన్నాడే, నేనే లేపానే, నా పసుపు గుడ్డ కట్టి పంపానే, అని. మాన్సాకు కూడా చెప్పలేదు. ఆ మనిషి ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

అరబాకు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట అక్రాలో, బీచి పక్క కొట్లో, వేయించిన చేప తింటూ సెనామ్‌తో తను అన్న మాట. మంచి సినిమా గురించి చెప్పేటప్పుడు ఎలా చెయ్యి పట్టుకుని లాగుతుందో అలాగే లాగి, కళ్ళు మెరుస్తుంటే చెప్పింది. "నీకొకటి చెబుతాను విను. మా ఇంట్లోనే జరిగింది. ఒళ్ళు జలదరిస్తుంది, చూసుకో." ఆ వేళ మెరుస్తున్న తన కళ్ళను ఇప్పుడు చూడగలిగితే వేళ్ళు పెట్టి మూసేసేది.

"చదువు" అంది ఎసాబా. ఆ గొంతులో ఏముందో తెలియలేదు.

అరబా చదివింది. ఇరవయ్యో అధ్యాయం, ఇరవై ఒకటి. నాలుక ఎండిపోయింది, చెంబులో నీళ్ళు లేవు. ఇంకా కావాలని అడగలేదు. ఇరవై రెండో అధ్యాయంలో తల్లి ఒంటరిగా, నిండిన గంప పక్కన కూర్చుని ఉంటుంది. ఊరు ఆమె గుమ్మం తొక్కదు. సెనామ్ బాగా రాసింది. అదే అన్నిటికంటే రోత పుట్టించింది. అచ్చంగా మూడు అధ్యాయాలు చదివి మెచ్చుకునేంత బాగా రాసింది.

ఆఖరి వాక్యం అయింది.

వీధిలోంచి చెప్పుల చప్పుడు. ఒకరివి కాదు, చాలామందివి. ముందుగా మాన్సా గొంతు, వెనక గుసగుసలు.

అరబా పుట తిప్పింది. ఖాళీగా ఉంటుందనుకుంది. లేదు. అంచు మాడిన ఆ కాగితం మీద, రాసినవాళ్ళు తమకు సాయం చేసినవాళ్ళకు దండాలు పెట్టుకునే నాలుగు వరసలు ఉన్నాయి. మొదటి వరసలో మొదటి మాట ఆమె పేరు. 'అరబాకు. ఈ తల్లి కథ, ఆ పసుపు గుడ్డతో సహా, ఆమె నాకు ఇచ్చిన కానుక.'

పక్కనుంచి ఎగ్యా బాన్‌ఫుల్ తొంగి చూశాడు. పుట మీద ఆయన చూపు ఒక చోట ఆగిపోయింది. రేకుపెట్టె మూత మీద గీసిన ఆకారం అది. కూతురి మొహంలోకి ఒక్కసారి చూసి, తల తిప్పుకుని సముద్రం వైపు చూడటం మొదలుపెట్టాడు.

పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. ఆ పుట అప్పటికే సగం ఊడి వేలాడుతోంది. చిటికెన వేలితో లాగితే వచ్చేస్తుంది.

వాకిలి తలుపు కిర్రుమంది. ఏడుగురు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ఎవరూ కూర్చోలేదు. ఎదురింటావిడ పిల్లను చంకలోనే ఉంచుకుంది.

ఎసాబా వాళ్ళ వైపు చూడలేదు. అరబా చేతుల్లో పుస్తకం వైపే చూస్తోంది.

"అయిపోయిందా?" అంది.

అరబా లేచి నిలబడింది.

"లేదు పెద్దమ్మా" అంది. "ఇంకొక్క పుట ఉంది."